విమానం పోయేదాకా

శంషాబాద్‌లో నాతో కిరాయి గది పంచుకున్న అన్న పీహెచ్‌డీలో నాకు సీనియర్. ప్రోగ్రెస్ రివ్యూ దగ్గరపడితే గోడ ముందు నిలబడి స్లైడ్లన్నీ నాకు అప్పజెప్పేవాడు. కమిటీలా నేను ప్రశ్నలు వేయాలి. "ఈసారి ఏం తేలింది?" అని అడిగేలోపు ఏదో ఒక విమానం ఇంటి మీదుగా వచ్చేది. అతను వేలు పైకెత్తి, "జర ఆగు తమ్మీ, పోనియ్యి" అనేవాడు. చప్పుడు తగ్గేదాకా కళ్లు మూసుకునేవాడు. ప్రయోగం మళ్లీ చెడిపోయిందని చెప్పడానికి అతనికి ఆ కాస్త గడువు కావాలి.

ఫెలోషిప్ పొడిగించాలా వద్దా అని తేల్చే రివ్యూకి నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. కమిటీలోని పెద్దసారు అదే ప్రశ్న అడిగారు. అన్న అలసటగా వేలు పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. కమిటీ అంతా పైకప్పు వైపు చూసింది.

సిటీ నడిబొడ్డున ఉన్న ఆ రివ్యూ గది మీదుగా ఏ విమానమూ పోదు.