వెనక ఎడమ టైరు

టైర్ల సాయిబు పోయాడని నాకు చెప్పింది ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర టీ కొట్టు ఆయన. గ్లాసు చేతిలో పెడుతూ, "సాయిబు నిన్న పొద్దున పాయె అప్పా, గుండెపోటంట" అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన నోటికి ఏది వస్తే అది చెప్పే మనిషి. టీ తాగి, ఎదురు రోడ్డులోని టైర్ల అంగడికి నడిచిపోయి నా కళ్లతో చూశాను. షట్టరు దించి ఉంది. శుక్రవారం నమాజు వేళ తప్ప పగటిపూట ఆ షట్టరు దించగా ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. అప్పుడు నమ్మాను.

ఎవరినీ ఒక పట్టాన నమ్మను నేను. అది దాచుకునే సంగతి కాదు. మూడో తరగతితో చదువు మానేసినవాణ్ణి, ఇప్పుడు ఇది కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను. ఇలాంటివాణ్ణి ఎవడైనా మోసం చేయవచ్చు. అందుకే వాళ్లకు ఆ అవకాశం రాకముందే నేను అనుమానపడతాను.

నాకొక జీపు ఉంది. అహోబిలం నుంచి అడవి లోపలి పావన నరసింహస్వామి గుడికి భక్తులను తీసుకుపోతాను. దారి అని పేరే గానీ అంతా బండరాళ్లు. ఒకచోట దారి నిటారుగా పైకెక్కుతుంది, ఎడమ పక్క లోయ ఉంటుంది, ఆ ఎక్కుడులో మాట్లాడేవాళ్లు కూడా నోరు మూసుకుంటారు.

మూడేళ్ల కిందట నాలుగు టైర్లూ ఒక్కసారే అరిగిపోయాయి. ఆ ఏడు మా చేలో మిరపను తెగులు తినేసింది. చేతిలో ఉన్నది రెండు మంచి టైర్లకు వస్తుంది, లేదా నాలుగు నాసి టైర్లకు వస్తుంది. కర్నూలులో ఒక అంగడివాడు నాలుగు టైర్లు చూపించాడు. వెడల్పుగా, నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. జీపుకు వేస్తే పోలీసు బండిలా కనబడుతుందనిపించింది. అడిగినదానికంటే తగ్గించి ఇస్తానన్నాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఫోనులో ఫొటోలు తీసుకుని సాయిబు దగ్గరికి పోయాను. సాయిబు మీద నమ్మకం ఉండి కాదు. ఇద్దరు వ్యాపారులను ఒకరి మీదికి ఒకరిని ఉసికొల్పితే నిజం దానంతటదే బయటికి వస్తుందని.

ఆయన ఫొటో చూడలేదు. అది ఆయన అలవాటు. ఎవరు పోయి టైరు అడిగినా, "ముందు దావ చెప్పప్పా, తర్వాత టైరు అడుగు" అనేవాడు. మట్టా, రాయా, ఇసుకా? ఎంతమంది ఎక్కుతారు? బ్రేకు ఎక్కడ ఎక్కువ తొక్కుతావు? పిల్లనిచ్చేవాడు కూడా ఇన్ని ఆరాలు తీయడు. నేను విసుక్కుంటూ అన్నీ చెప్పాను. ఎక్కుడు గురించి రెండుసార్లు చెప్పించుకున్నాడు. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, ఫొటో పెద్దది చేసి, టైరు పక్క మీదున్న నాలుగు అంకెలు చూశాడు. అది తయారైన వారం, ఏడాది అట.

"ఏడేండ్ల సరుకు. పాలిష్ కొట్నారు. అదీ గాక ఇది బురదకు చేసిన టైరు. మీ అడవిలో బురద యాడుండాదప్పా? ఉండేదంతా రాయే. రాయి టైరును అడుగున ఏమీ చెయ్యదు, పక్కన కోస్తాది. నీకు పక్కలు గట్టిగుండేది కావాల."

రెండే కొత్తవి కొని ముందర వేసుకోమన్నాడు. పాతవాటిలో గట్టిగా ఉన్న రెండింటికి రీబటన్ చేసిస్తాను, అంటే అరిగిన పైభాగం గీకేసి కొత్త రబ్బరు అతికిస్తాను, అవి వెనక వేసుకో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. జనం కూర్చునేది వెనక, బరువంతా వెనక, మరి కొత్తవి ముందర ఎందుకు? వెనకవి తొందరగా పోతే మళ్లీ నేను ఆయన దగ్గరికే రావాలని కదా?

"ముందరిది పగిలితే స్టీరింగు నీ మాట ఇనదు. నిక్కు వొద్దప్పా, నీ బండిలో పిల్లోళ్లు ఎక్కుతారు," అన్నాడు.

సరేనన్నాను.

మా వైపు రీబటన్‌కు ఇచ్చే వాళ్లందరికీ ఒక భయం ఉంటుంది. మన గట్టి టైరు వాళ్లు ఉంచుకుని, ఎవరిదో చచ్చిన టైరుకు కొత్త రబ్బరు తొడిగి మన చేతిలో పెడతారని. పైన గుర్తు పెడితే రబ్బరు కింద పోతుంది, అందుకని లోపల పెడతాం. కొందరు సుద్దతో గీస్తారు, కొందరు రంగు పూస్తారు. రంగు తుడిచేస్తే ఎట్లా? నేను ఇంట్లో కూర్చుని, కొడవలి మొనతో రెండు టైర్ల లోపలా ఒక్కో ఇంటూ గుర్తు గీశాను. ఎవరికీ చెప్పలేదు. ఇంతకంటే తెలివైన పని జిల్లాలో ఎవడూ చేసి ఉండడనుకున్నాను.

పది రోజులకు పోయి, ఆయన టైర్లు దొర్లించుకొస్తే లోపల చేయి పెట్టి తడిమాను. ఒకదాంట్లో గీత తగిలింది. రెండోదాంట్లో లేదు. ఆ చోట అరచేతంత రబ్బరు పట్టీ అతికించి ఉంది.

అంగట్లో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల ముందరే దొంగ అన్నాను. నా టైరు ఎవరికి అమ్ముకున్నావు అన్నాను. నమాజుకు ఎత్తేది ఈ చేతులేనా అని కూడా అన్నాను. సాయిబు చేతికున్న గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"టైరు నీదే అప్పా. నమ్మితే ఏసుకో, లేకుంటే ఇడిసిపెట్టి పో."

వేరే టైరు కొనే స్తోమత లేదు కాబట్టి వేయించుకున్నాను. కొత్తవి ముందరికి, గుర్తు దొరికింది వెనక కుడివైపుకు, పట్టీది ఎడమకు. బోల్టులు బిగిస్తూ, నాకొక్కడికే వినబడేటట్టు, "మీ ఇంట్లో కొడవలి శానా పదునేమో గదా" అన్నాడు. నా కోపాన్ని వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కావాలంటే తెచ్చి చూపిస్తా అన్నాను. నవ్వాడు.

మూడేళ్లు ఆ టైరును నేను నమ్మలేదు. ఎక్కుడు రాకముందు బండి ఆపి, దిగి, దాని మీద అరచేయి పెట్టి చూసేవాణ్ణి. నేను దండం పెట్టుకుంటున్నాననుకుని భక్తులు కూడా చేతులు జోడించేవాళ్లు. టైరు ఒక్కసారి కూడా పగల్లేదు. అయినా నా అనుమానం పోలేదు. గాలికి సాయిబు దగ్గరికే పోయేవాణ్ణి, అంగడి దారిలోనే ఉంది కాబట్టి. నేను అడక్కపోయినా ఆయన మొదట వెనక ఎడమ టైరు దగ్గరే గొంతుక్కూర్చునేవాడు. బొటనవేలితో నొక్కి చూసేవాడు, చెవి ఆనించేవాడు. తప్పు చేసినవాడు అక్కడికే మళ్లీ మళ్లీ వస్తాడు అనుకున్నాను.

షట్టరు చూసి ఇంటికొచ్చిన రోజే, దుఃఖపడాల్సిందిపోయి, నాకు వచ్చిన ఆలోచన ఒకటే. టైరు ఎలాగూ అరిగింది, ఇప్పుడు విప్పితే ఆయన దొంగతనం తేలిపోతుందని. జాకీ పెట్టి చక్రం దించాను. మా ఇంటిది గడపలో నిలబడి చూస్తోంది.

"మూడేండ్లు మోసింది గదా, ఇంకేం సాచ్చెం కావాల నీకి?" అంది.

కత్తి పొయ్యి మీద కాల్చి పట్టీ అంచు లేపాను. ఊడి రాదు. ఎంత గట్టిగా అతికించాడో, గంటసేపు పట్టింది.

దాని కింద నా ఇంటూ గుర్తు ఉంది.

ఒక గీత పైపైన ఉంది. రెండోది లోపలి దారాల దాకా తెగి ఉంది. చేయి బరువుగా పడినట్టుంది నాది. పట్టీ లేకపోయుంటే ఆ చీలికలో ట్యూబు నలిగి, ఎక్కుడులో, లోయ పక్కన పగిలేది. నిండు బండితో. ఆ పట్టీకి ఆయన నన్ను పైసా అడగలేదు. నలుగురిలో నేను దొంగ అన్నప్పుడు, కోసింది నువ్వేనని ఒక్క మాట అంటే ఆళ్లగడ్డలో నేను తల ఎత్తుకుని తిరిగేవాణ్ణి కాదు. ఆయన కొడవలి పదును మాత్రం అడిగి ఊరుకున్నాడు.

క్షమించమనడం నాకు అలవాటు లేదు. ఉన్నా ఇప్పుడు వినేవాడు లేడు.

ఆ టైరు పారేయలేదు. గోడకు ఆనించి పెట్టాను. నా గీతల పక్కన, పట్టీ అంచు దాటి కారి ఎండిన జిగురులో, ఆయన అదిమిన బొటనవేలి ముద్ర పడి ఉంది, గీతలతో సహా. నా బొటనవేలు దాని మీద పెట్టి చూశాను. ఆయన వేలు వెడల్పు. నాది పెట్టినా, చుట్టూ ఇంకా ఆయనది కనబడుతూనే ఉంది.