కారం లేని సర్వపిండి

ఇవాళ పొద్దున మా అమ్మాయి పూణె నుంచి ఫోనుకు ఒక వీడియో పంపింది. పైఠణ్ దగ్గర గోదావరి ఆనకట్ట గేట్లు ఎత్తారట, నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతున్నాయి. కింద ఏమీ రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. మా భివండిలో నాలుగు రోజులుగా వాన ఒకే తీరుగా పడుతోంది. నార్పోలి సందుల్లో మోకాటి లోతు నీళ్లు, కరెంటు లేక మా వాడలో సాంచెలన్నీ ఆగిపోయాయి. సాంచె అంటే మరమగ్గం. పగలూ రాత్రీ వాటి చప్పుడుకు అరల మీద గ్లాసులు అదురుతూనే ఉంటాయి కాబట్టి, అవి ఆగినప్పుడే మాకు చెవులున్న సంగతి గుర్తొస్తుంది. వీడియో చూసి, టీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. కాసేపటికి చూసుకుంటే నా ముందు టీ గిన్నె లేదు, బియ్యప్పిండి డబ్బా మూత తీసి ఉంది. మా అత్తమ్మ పోయి మూడు వానాకాలాలు దాటాయి. అయినా ఈ వంటింట్లో ఇప్పటికీ ఆమె మాటే చెల్లుతుంది.

మా ఆయన సాంచె నడిపి నడిపి, కొంత కూడబెట్టి చిన్న గుడ్డల దుకాణం పెట్టాడు. నెలకో, రెండు నెలలకో నాసిక్ దుకాణాలకు సరుకు చూపించడానికి వెళ్లేవాడు. పెళ్లయిన కొత్తలో నన్నూ రమ్మన్నాడు. ఇద్దరమే కదా అని నేను మంచి చీర కట్టుకుని తయారైతే, అత్తమ్మ అప్పటికే చెప్పులేసుకుని గడప దగ్గర కూర్చుని ఉంది, ఒళ్లో ఒక స్టీలు డబ్బా. పక్క సందులో పెళ్లికి పిలిచినా మోకాళ్ల నొప్పులనే మనిషి, నాసిక్ అంటే మాత్రం అందరికన్నా ముందు. జీపులో డ్రైవరు పక్క కిటికీ ఆమెది. వెనక గుడ్డల తానుల మధ్య మేము కొత్త దంపతులం. నాకు ఒళ్లు మండింది, దాచుకోవడం దేనికి.

అయినా ఆ ప్రయాణాలు బాగుండేవి. కసారా ఘాటులో పొగమంచు కమ్ముకుంటే బండి ఆపి, వేడి వడలు, అల్లం దంచి వేసిన టీ. నాసిక్‌లో దిగగానే ఎర్రటి నూనె తేలే మొలకల మిసళ్ తినాల్సిందే. మేము ముక్కులు తుడుచుకుంటూ తింటుంటే, ఇంట్లో పచ్చిమిర్చి కొరుక్కు తినే ఆమె ఎదురుగా కూర్చుని ఉత్త పావ్ టీలో ముంచుకు తినేది. డబ్బా మాత్రం తెరిచేది కాదు. మా ఆయన దుకాణాలు తిరిగి వచ్చాక పంచవటికి వెళ్లేవాళ్లం. నల్లరాతి గుడి చూపించినా, గుహ చూపించినా ఆమెది ఒకటే మాట, "సూసుడు అయిందా, ఇగ గంగ కాడికి పోదాం పా" అని. అది కూడా గుడి మొత్తం వినపడేలా. ఏళ్ల తరబడి సాంచెల మధ్య కండెలు చుట్టడంతో ఆమె గొంతు ఆ చప్పుడును మించేలా పెరిగిపోయింది, తగ్గించడం ఆమెకే చేతకాదు.

ఆ మొదటిసారి, ఆమె గంగ అనే గోదావరి మెట్ల మీద కూర్చుని డబ్బా తెరిచింది. లోపల రెండు సర్వపిండ్లు. ఒకటి మామూలుదే, గంజు అడుగున పిండి ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, నూనె పోసి ఎర్రగా కాల్చినది. రెండోది అరచేయంత, తెల్లగా ఉంది. నువ్వులూ పల్లీలూ ఉన్నాయి గానీ మిరపకాయ జాడ లేదు. పెద్దది మాకిచ్చింది. చిన్నదాన్ని విస్తరాకు ముక్కలో పెట్టి నీళ్ల మీద వదిలి, వంగి గుసగుసగా ఒక మాట చెప్పింది. ఆమె గుసగుస కాబట్టి మెట్ల మీదున్నవాళ్లంతా తిరిగి చూశారు.

"కారం ఎయ్యలే కొడుకా. మెల్లగ తిను."

తిరుగు ప్రయాణంలో, ముందు సీట్లో ఆమె కునుకు తీస్తుంటే, మా ఆయన నాకు ఆ సంగతి చెప్పాడు. ఆయనకో అన్న ఉండేవాడు, ఏడేళ్లవాడు. మా ఆయన అప్పటికి చంకబిడ్డ. ఊళ్లో గోదావరి రేవులో ఆమె బట్టలుతుకుతుంటే ఆ పిల్లవాడు కాలు జారాడు. ఎంత వెతికినా దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోయాడని ఆమె ఒప్పుకోలేదు. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు వాడి పేరు ఎత్తనిచ్చేది కాదు. నది వైపు నుంచి తల్లిని "అవ్వా" అని పిలుస్తున్నాడని రాత్రిళ్లు లేచి పోతుంటే, మామయ్య కూలి వంకతో ఆమెను భివండికి తీసుకొచ్చేశాడు. సాంచెల పక్కనే గది కావాలని ఆమే అడిగిందట. ఆ చప్పుడులో ఇంకేమీ వినపడదు. తరవాత ఎవరో చెప్పారు, నాసిక్‌లో పారేది మన గోదావరే, ఆ నీళ్లే మన ఊరి రేవుకు పోతాయని. డబ్బా అప్పుడు మొదలైంది. ఆ రోజు తరవాత ముందు సీటు గురించి నేను నోరెత్తలేదు.

మా అమ్మాయి మరాఠీ బడిలో చదువుకునేది. ఒక సాయంత్రం, మర్నాటి నాసిక్ ప్రయాణానికి అత్తమ్మ పిండి కలుపుతుంటే, భూగోళం పుస్తకం పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. "బాపమ్మా, తే పాణీ మనూరికి పోదు. పైఠణ్‌ల మోఠా ధరణ్ కట్టిండ్రు. నీళ్లు అక్కణ్నే ఆగుతయి" అని ఆనకట్ట బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. పిల్లకు ఏమీ తెలియదు, మేము చెప్పలేదు. అత్తమ్మ పొయ్యి ఆర్పేసింది. మర్నాడు మోకాళ్ల నొప్పులంది. ఆ తరవాత నాసిక్ మాటే లేదు. తిండి తగ్గిపోయింది. కరెంటు పోయి సాంచెలు ఆగితే చాలు, రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఆమెను చూస్తే నాకు భయం వేసేది.

అలా కొన్నాళ్లు గడిచాక మా ఆయనకు ఔరంగాబాదులో పని తగిలింది, పైఠణ్ అక్కడికి దగ్గరే. "గా కట్టేందో నాకు సూపియ్యిరా" అంది అత్తమ్మ. అందరం బయలుదేరాం. అమ్మాయి గుహలంది, నేను పైఠణీ చీరలన్నాను, ఆమె దేనికీ బండి దిగలేదు. ఆనకట్ట దగ్గర దిగింది. ఒకవైపు అవతలి ఒడ్డు కనిపించనన్ని నీళ్లు. గేట్లన్నీ మూసి ఉన్నాయి. రెండోవైపు ఎండిన రాళ్లు, మధ్యలో సన్నటి పాయ. చాలాసేపు చూసింది.

"గిన్నేండ్లు వాడు ఉపాసమే ఉన్నడా?"

పక్కన ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ముసలాయనకు తెలుగు రాదు, కానీ గేట్ల వైపు చాచిన ఆమె చేయి చూసి, "బారిష్ మే ఖోల్తే హై, మావ్‌శీ. సబ్ పానీ నీచే జాతా హై" అన్నాడు. వానలకు తెరుస్తారు, నీళ్లన్నీ కిందికే పోతాయి అని. ఆ మాత్రం హిందీ ఆమెకు వచ్చు. ఆలోచించింది.

"అయితే అన్నీ ఒక్కసారే పోయినయన్నట్టు. పిల్లగాడు, గన్ని ఒక్కసారి ఎట్ల తింటడు?"

"దాసుకొని తింటడు లే అవ్వా" అన్నాడు మా ఆయన. అన్న గురించి ఆమె ఎదుట ఆయన మాట్లాడడం అదే మొదటిసారి. ఆమె తల ఊపి పల్లీలు కొనమంది. అప్పటికి అమ్మాయికి సంగతి అర్థమై నా కొంగులో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. ఆ ఏటి నుంచి గేట్లు ఎత్తినప్పుడే సర్వపిండి, అప్పుడే నాసిక్. ఎత్తారో లేదో టీవీలో చూసి చెప్పే పని అమ్మాయిది.

ఆమె ఎండాకాలంలో పోయింది. అస్థికలు వెంటనే గోదావరిలో కలపడానికి మా ఆయన ఒప్పుకోలేదు. కుండకు గుడ్డ కట్టి దుకాణం వెనక కొక్కేనికి వేలాడదీసి, గేట్లు తెరిచేదాకా ఆగాడు. చుట్టాలు నాలుగు మాటలన్నారు, ఆయన వినలేదు.

ఇవాళ రెండు చేశాను. ఒకటి ఆమెకు, పచ్చిమిర్చి దండిగా. రెండోది అరచేయంత. రేపు దారి బాగుంటే ఘాటెక్కుతాం, ముందు సీట్లో ఎవరం కూర్చోం. సాంచెలు ఇంకా ఆగే ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో పిండి ఒత్తుతుంటే, "కారం ఎయ్యలే కొడుకా" అని ఎవరో అన్నట్టు వినపడి ఉలిక్కిపడ్డాను. ముందు గదిలోంచి మా ఆయన తొంగి చూసేసరికి అర్థమైంది, అన్నది నేనే. ఆయన నెత్తి తెల్లబడింది, అద్దాలు లేకపోతే మనిషి ఆనడు. పుస్తకం పట్టుకొచ్చిన పిల్లకు ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం. ఈ ఇంట్లో అందరికీ ఏళ్లు మీద పడ్డాయి. మా ఏడేళ్ల బావగారికి మాత్రం ఇంకా కారం పడదు.