మామ చెవి మీట

మా మామ పోయినాడు. ప్రొద్దుటూరు ఇంట్లో పడుకున్న మనిషి తెల్లారి లేయలేదు. నొప్పి పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. మాకందరికీ అదే తృప్తి. అత్తకు మాత్రం ఒక దిగులు మిగిలింది.

మామ పత్తి మిల్లులో పనిచేసేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చేనాటికే ఆ మోతకు చెవులు పోయినాయి. తర్వాత కొన్నేండ్లకు మద్రాసు నుంచి వినికిడి మిషను తెప్పించుకున్నాడు. అంగీ జేబులో సిగరెట్టు పెట్టెంత డబ్బా, దాన్నుంచి చెవిలోని బిళ్ళకు ఒక వైరు. "మిషను తిన్న చెవిని మిషనే తెచ్చిచ్చె" అనేవాడు. శానామంది అది రేడియో అనుకున్నారు. జమ్మలమడుగు బస్సులో ఒక ముసలాయన, "ఏందప్పా, వార్తల్లో ఏం చెప్తాండారు?" అని అడిగినాడు. మామ వైరు సర్దుకుని, "వానలు లేవంట" అన్నాడు.

"అది రేడియో చెప్పాల్నా!" అన్నాడు ముసలాయన.

డబ్బాకు ఒక మీట ఉండేది. పక్కనున్న అక్షరాలు అరిగిపోయి, ఎటు జరిపితే వినపడుతుందో మామకొక్కడికే తెలుసు. పులివెందుల పెండ్లిలో బంధువులు భూమి తగాదా ఎత్తుకోగానే మీట కట్టేసి, అందరికీ నవ్వుతూ తలూపినాడు. "దేవుడిచ్చిన చెవికి మూత లేదురా. నా చెవికి మీటుంది" అనేవాడు. అత్త అరిచినా అంతే. "కట్టేసినాడు సూడు!" అని ఆమె ఇంకా గట్టిగా అరిచేది.

చివరి సాయంత్రం ఏదో చిన్న మాటకు ఇద్దరూ పోట్లాడుకున్నారు. మామ జేబు మీద చెయ్యి పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. కొంచేపటికి అత్త, "కోపం పెట్టుకోవాకు. లేచి ఇంత మజ్జిగన్నా తాగు" అనింది. ఆయన పలకలేదు. మీట కట్టేసినాడో, విన్నాడో. అదీ ఆమె దిగులు.

స్నానం చేయించేటప్పుడు ఎవరో డబ్బా నుంచి వైరు పీకి రెండిట్నీ గూట్లో పెట్టినారు. పాడె లేపుతుంటే అత్త వాటిని తెచ్చి నా జేబులో వేసింది.

"దింపుడు కల్లం కాడ చెవికి పెట్టి పిలువు అబ్బీ. వట్టిగా పిలిస్తే ఆయనకు యాడ ఇనపడుతుంది?"

పెన్న దారిలో పాడె దించినారు. మామకు కొడుకుల్లేరు, పిలవాల్సింది నేనే. డబ్బాకు వైరు తగిలించి బిళ్ళను చెవి దగ్గరికి తీసుకుపోతుండగానే అది కుయ్యిమని కూసింది. మోసేవాళ్లు వెనక్కి గంతేసినారు. "లేచినాడ్రా!" అన్నాడొకడు. నాకు ఆ కూత తెలుసు. మీట తెరిచి ఉండి, బిళ్ళ చెవిలో లేకపోతే అది అట్లే కూస్తుంది. నా వేలు మీటకు తగలనే లేదు.

బిళ్ళ చెవికి పెట్టి మూడుసార్లు పిలిచినాను. మామ లేవలేదు. నా గుండె మాత్రం తేలికైంది.

చితి దగ్గర ఒక పెద్దాయన, "ఉంగరం తీసినాం, అదీ తీయి" అన్నాడు. "అది చెవి గదప్పా, వస్తువా?" అన్నాడు ఇంకొకాయన. అత్తకు చూపాలని నేనే దాన్ని తీసి తెచ్చుకున్నాను.

"మీట తెరిచే ఉండె అత్తా. మామ విన్నాడు."

అత్త నా మొగం చూసింది. "ఇని గూడా పలకలేదా, మొండోడు!" అనింది. ఏడుస్తానే నవ్వింది.

డబ్బా ఆమె చేతిలో ఇంకా సన్నగా కూస్తా ఉంది. అత్త వేలితో మీటను రెండో పక్కకు జరిపి, కొయ్యకు తగిలించిన మామ అంగీ జేబులో పెట్టింది. వైరు బయటికి వేలాడి, కాసేపు ఊగి, నిలిచింది.