టీవీ మీద కుంకుమ బొట్టు

స్టేటస్‌లో దేవుడి పటాలు తప్ప ఏమీ పెట్టనిదాన్ని. మా టీవీ కోసం వచ్చిన ఒకాయన ముందు అనాల్సిందంతా అనలేకపోయాను కాబట్టి ఈ రోజు రాస్తున్నాను.

పాత కలర్ టీవీలను కాపాడుతున్నానని చెప్పుకునే పెద్దమనిషి ఒకాయన ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, మా ఇంటికి వచ్చాడు. ఫోన్లో ఫొటోలు చూపించాడు. కాపాడిన ప్రతి టీవీకీ అడ్డంగా ఆయనే నిలబడి ఉన్నాడు. సరే, మా చెక్క తలుపుల టీవీలో ఇంకా బొమ్మ వస్తుంది, బాగా చూసుకుంటాడులే అని ఊరికే ఇచ్చేద్దామనుకున్నాను.

మా అత్త ప్రతి ఆయుధపూజకు మగ్గానికి బొట్టు పెట్టి, అదే చేత్తో టీవీకీ పెట్టేది. ఆమె పోయినా, తెర పైన చెక్కలోకి ఇంకిన కుంకుమ అట్లాగే ఉంది.

"ఎవరమ్మా దీన్ని ఇట్ల పాడు చేసినారు? ఒరిజినల్ పోయె కదా," అంటూ ఆయన బొటనవేలు ఉమ్మితో తడుపుకుని రుద్దడం మొదలుపెట్టాడు.

ఉమ్మితో, మా అత్త పెట్టిన బొట్టును.

నేను చెక్క తలుపులు మూసేశాను. ఆయన వేలు నలగకుండా మెల్లగానే మూశాను.

"టీ తాగి పో అన్నా. టీవీ ఇయ్యను."

"నీకేం తెలుసమ్మా దీని విలువ? ఈడ పెడితే చెద తింటాది."

"తింటే తిననీ అన్నా. చెద ఉమ్మెయ్యదు కదా."

టీ తాగకుండానే పోయాడు. మీ ఇళ్లలోనూ టీవీకి బొట్టు పెట్టేవాళ్లుంటే చెప్పండి. ఈ రాసింది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఆయనకు చూపించకండి. దీన్ని తుడవడానికి కూడా వేలు తడుపుకుని వస్తాడు.