గోడకు అవతలి నక్షత్రం

మా అమ్మ మార్త చందాపుర దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పని చేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. చొక్కా చేతికి రాగానే కాలరు, చంక, గుండీల పట్టీ, అంచు చూస్తుంది. కుట్టు తప్పిన చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపుతుంది. టార్గెట్ పోతోందని సూపర్‌వైజరు మొత్తుకున్నా తప్పున్న చొక్కాను దాటనివ్వదు. ఇంట్లోనూ అంతే. నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసినప్పుడు, చుట్టాలు అడిగితే సెలవులని చెబుదాం అన్నాను. ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మానేశాడని చెప్పింది.

ఆమెకు ఇంకో పని ఉంది. నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల. అందరూ ఒకే రొట్టెలో తలా ఒక ముక్క తీసుకుని ద్రాక్షరసం తాగుతారు. ఆ రొట్టె అమ్మే చేస్తుంది. పొద్దున్నే తలస్నానం చేసి మైదా, నీళ్లు, ఒక చెంచా నూనె వేసి కలుపుతుంది. పులియకూడదు, ఉప్పు కూడా పడకూడదు. దానికని విడిగా ఒక పెనం ఉంది. దాని మీద దోసె పోయనివ్వదు. విడిగా పెనం ఉంచుకోవడం ఏ మతం ఆచారమో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఆ పెనంతోనే కొట్టేది.

చర్చి అంటే గుడి గోపురం లాంటిదేమీ కాదు, హార్డ్‌వేర్ షాపు మీద అద్దె హాలు. పాస్టరు దామోదర్ అమ్మకు సొంత తమ్ముడు. నంద్యాల నుంచి అతన్ని ఇక్కడికి తెచ్చి, ఫ్యాక్టరీలో చేర్చి, బైబిల్ స్కూలుకు పంపింది అమ్మే. చర్చిలో మొదటి రోజు పదకొండు మంది. ఆ రోజు నుంచీ రొట్టె ఆమెదే.

ఈ నవంబరులో మామ ఒక ఆదివారం, మన చర్చిలో ఇక క్రిస్మస్ ఉండదని చెప్పాడు. డిసెంబరు ఇరవై ఐదు రోమా వాళ్ల సూర్యదేవుడి పండుగ అట. చెట్టూ అన్యులదే, నక్షత్రమూ అన్యులదే. యేసు పుట్టిన రోజు బైబిల్లో ఎక్కడుందో చూపించమన్నాడు. ఇంటి మీద నక్షత్రం కట్టినవాళ్లు బల్లలో పాలుపంచుకోకూడదు అన్నాడు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేస్తుంటే అడిగాను.

"దామోదరుడంటే కృష్ణుడు కదా మామా. ముందు ఆ పేరు మార్చుకో."

"పేరు అమ్మానాన్న పెట్టింది. పండుగ మనం ఎంచుకునేది," అన్నాడు, అన్నం కలుపుతూనే.

జవాబు బాగానే ఉంది. అదే నాకు మంట.

తర్వాత ఫోన్ తీసి అమ్మకు ఒక ఫోటో చూపించాడు. పోయిన ఏడాది డిసెంబరులో ఎవరో తీసింది. మా వరండాలో నక్షత్రం. దానికి కనకాంబరాల దండ. దాని ముందు కర్పూరం వెలిగించిన పళ్లెంతో మా ఇంటి ఓనరు సరోజమ్మ. పక్కనే చేతులు కట్టుకుని అమ్మ.

"ఇది ఏ పండుగ అక్కా?"

అమ్మ అతని అన్నంలో మజ్జిగ పోసింది.

ఆ నక్షత్రం మా నాన్న వెదురు బద్దలతో కట్టింది. ఏటా కాగితం మారుతుంది, బద్దలు అవే. తొమ్మిదేళ్ల కింద నాన్న పోయాడు. ఆ డిసెంబరులో అమ్మ అటక వైపు కూడా చూడలేదు. గోడకు అవతలి వాటాలో ఉండే సరోజమ్మే మనిషిని పిలిచి దాన్ని దింపించి, బల్బు పెట్టించి, కట్టించింది. దేవుడి వస్తువును ఊరికే వేలాడదీయడం ఆమెకు తెలియదు. పూలు చుట్టింది, హారతి ఇచ్చింది. అప్పటి నుంచీ ఏటా అదే. అమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు.

మామ వెళ్లాక అమ్మకు కాలు నిలవలేదు. వంటింట్లోంచి వరండాకు, వరండాలోంచి వంటింట్లోకి. బైబిల్ తెరవడం, మూయడం. చర్చి మానేద్దాం, పీడా పోతుంది అన్నాను. నన్ను గోడను చూసినట్టు చూసింది. ఆ వారం ఫ్యాక్టరీలో కాలరు వంకర పోయిన చొక్కా ఒకటి ఆమె చేతిమీదుగా దాటిపోయింది. ఇంటికొచ్చి ఆ సంగతి రెండుసార్లు చెప్పింది.

నవంబరు చివర సరోజమ్మ దగ్గరికి వెళ్లి, ఈసారి నక్షత్రం కట్టడం లేదని చెప్పింది. కారణం కూడా దాచలేదు. సరోజమ్మ మోకాళ్లు రుద్దుకుంటూ అడిగింది.

"మీ ఆయన కట్టిండేది అటక మీద ఎలకలు కొరకల్లా? మీ గోడకు వద్దంటే మా గోడకు కట్టుకుంటాను. ఇల్లు నాది. ఆ పాస్టరప్ప నన్నేమి అడుగుతాడు?"

కట్టించుకుంది. మా గుమ్మానికి మూడడుగుల అవతల. పూలూ, కర్పూరమూ మామూలే. చిక్కు ఒక్కటే. దాని స్విచ్ మెట్ల మలుపులో ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల సరోజమ్మ మెట్లు దిగలేదు. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు వేసి రమ్మని అమ్మకు చెప్పింది. అమ్మ సరే అంది.

డిసెంబరు మొదటి ఆదివారం అమ్మ ఎప్పటిలాగే రొట్టె చేసి, తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్లింది. బల్ల దగ్గర మామ నిలబడి, ఎవరింటి మీదైనా నక్షత్రం ఉందా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. మామ రొట్టె మీది గుడ్డ తీయబోయాడు. అమ్మ లేచింది. నేను పైట పట్టుకుని లాగాను. విదిలించుకుంది.

"నా ఇంటి మీద లేదు. పక్క గోడకుండాది. రోజూ ఆరింటికి స్విచ్ వేసేది నేనే. వేసినప్పుడు సంతోషంగా కూడా ఉంటాది. ఇది తప్పో కాదో నాకు తెలియడంలేదు. తెలిసేదాక ఈ రొట్టె తినను."

కూర్చుంది. మామ రొట్టె విరిచి, తలా ఒక ముక్క చొప్పున పళ్లెంలో పెట్టాడు. మామూలుగా పళ్లెం వేరేవాళ్లు తిప్పుతారు. ఆ రోజు తనే తిప్పాడు. అమ్మ ముందుకు వచ్చి ఆగిపోయాడు.

"తీసుకో అక్కా."

"నియమం నువ్వు పెట్టిందే కదా."

"ఆ పెద్దామెకు నేను చెప్తాలే."

"ఏమని చెప్తావు?"

పళ్లెం ముందుకు కదిలింది. చివరకు బల్ల మీదికి తిరిగొచ్చినప్పుడు దాంట్లో రెండు ముక్కలు మిగిలాయి. ఒకటి అమ్మది. రెండోది మామది. ముందుగా తినాల్సిన పాస్టరు తినలేదన్నది అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

ఆ సాయంత్రం ఆరయింది. అమ్మ స్విచ్ వేయలేదు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది. కూర్చోమంటే కూర్చోదు. లోపల్నుంచి సరోజమ్మ కేకేసింది.

"మార్తా, చీకటి పడతా ఉండాది."

అమ్మ మెట్ల మలుపు దాకా వెళ్లి, స్విచ్ మీద చెయ్యి పెట్టి, కిందికి చూసి ఆగిపోయింది. నేనూ చూశాను. గేటు బయట మామ బండి మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ తీయలేదు. సరోజమ్మకు చెప్పడానికే వచ్చాడో ఏమో, పైకి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

అతను చూస్తుండగానే అమ్మ స్విచ్ వేసింది. ఎర్రటి వెలుగు మా గుమ్మం మీదా పడింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, నలుగురికి కాఫీ నీళ్లు పెట్టి, మళ్లీ వరండాలోకి వచ్చి తిరగడం మొదలుపెట్టింది.