వత్తుల డబ్బా

ఘాజియాబాద్ ఫ్లాటులో అన్నపూర్ణేశ్వరి రోజు వత్తుల డబ్బా మూతతో మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన భర్త సుందరరామయ్య ఆ చప్పుడుకే లేస్తాడు. వత్తిని నూనెలో ముంచి, జిడ్డు వేళ్లు తలకి రాసుకుని, పెదవి కొరుక్కుంటూ అగ్గిపుల్ల గీయడం ఆవిడ అలవాటు. ముట్లుడిగి ఏళ్లయింది గనక ఆ దీపానికి ఏ నెలా అడ్డు రాలేదు. అలాంటిది ఈ చలికాలంలో మళ్లీ రక్తం కనబడింది. ఎవరినీ అడగకుండా, పాత రోజుల్లోలాగే చాపా గ్లాసూ తీసుకుని బాల్కనీలో చేరింది. అది ఆగినట్టే ఆగి మళ్లీ వచ్చేది. ఆవిడా లోపలికొచ్చి మళ్లీ వెళ్లేది.

గురుగ్రామ్ నుంచి వచ్చిన కూతురు హరిప్రియ అది చూసి ఆస్పత్రికి తీసుకెళ్లింది. గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరేననీ, మొదట్లోనే దొరికింది గనక ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేస్తే నయమయ్యే అవకాశం ఎక్కువనీ డాక్టరు హిందీలో చెప్పింది. అన్నపూర్ణేశ్వరి కొంగు వేలికి చుట్టుకుంటూ అంతా విని, కూతురివైపు తిరిగింది.

"అయితే ఇది ముట్టు కాదుటే?"

"నహీ మమ్మీ, బీమారీ హై," జబ్బేనని హిందీలోనే చెప్పింది హరిప్రియ.

"మరి నేను బాల్కనీలో కూర్చున్నదంతా ఎందుకే?"

హరిప్రియ రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆవిడ స్నానం చేసి, కూతురి చేత అగ్గిపెట్టె తెప్పించుకుని, దేవుడి అలమర ఉన్న వంటింటి గుమ్మం బయట నిలబడి పుల్ల గీసింది.

"వెలిగించొచ్చంటారా?" అని భర్తని అడిగింది.

సుందరరామయ్య ఆవిడ వంకా, దేవుడి వంకా చూశాడు. పుల్ల వేళ్ల దాకా కాలింది. ఆవిడ గుమ్మం దాటకుండానే ఇంకోటి గీసింది.