మూలన పడ్డ కొత్త రంపం

చెట్లు కొట్టే ఆ పెద్దాయన దగ్గర రెండు మోటారు రంపాలుండేవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. పాతది రోజూ పనికెళ్ళేది. కొత్తది పెరటి షెడ్డులో గోనెసంచి కప్పుకుని పడుకునేది. అది పాడై మూలన పడి ఏళ్ళు గడిచినా ఇంట్లో దాన్ని కొత్తదనే పిలిచేవారు.

"నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా మా అత్తగారు నన్ను కొత్తకోడలనే పిలిచేవారు. ఇదీ అంతే," అని ఆయన భార్య నవ్వేది.

వీధిలో ఆయన్ని రంపాలాయన అనేవారు. మాట తక్కువ, గొంతు ఎక్కువ. పాత రంపం మోతకి చెవులు సగం పోయాయి కాబట్టి మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టే ఉండేది. ఆయన టీవీ పెడితే పక్కింటివాళ్ళు తమది కట్టేసి ఆయన వార్తలే వినేవారని ఒక హాస్యం.

ఆ పాత రంపమంటే ఆయనకి ప్రాణం. బరువెక్కువ, మోత ఎక్కువ, అదురు మరీ ఎక్కువ. పట్టుకుంటే మోచేతుల దాకా జివ్వుమనేది. అయినా తాడు లాగితే రెండో లాగుకల్లా లేచేది. తడి దుంగైనా, ఎండు మోడైనా ఒక్కలాగే కోసేది. దాన్ని ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి పని మొదలుపెట్టిన రోజుల్లో కొన్నారు. అప్పట్లో అన్న కోసేవాడు, తమ్ముడు కొమ్మకి కట్టిన తాడు పట్టేవాడు. సాయంత్రం తమ్ముడే ఆకురాయితో చెయిన్ పళ్ళు పదును పెట్టేవాడు.

"అది మొండిది, నాలాంటిది," అనేవాడు ఆయన.

"అందుకేగా మీ ఇద్దరికీ పడింది," అనేది భార్య.

ఆ చలికాలం ఒక పొద్దున ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారి పగిలింది. వేడికి వదిలెయ్యలేదు, చెయ్యి తడబడనూ లేదు. గ్లాసు చేతిలో ఉందో లేదో వేళ్ళకి తెలియలేదు, అంతే. నేల తుడవడానికి గుడ్డ తెచ్చిన భార్య ఆయన చేతులు చూసి ఆగిపోయింది. రెండు చేతుల వేళ్ళ కొసలూ సున్నం రాసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"చలికి అందరికీ అవుతుంది."

"నాకవట్లేదే! చన్నీళ్ళలో అంట్లు తోమేది నేను, మీరు కాదు."

ఆమె వదిలిపెట్టే మనిషి కాదు. ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు ఆయన వేళ్ళని ఒక్కొక్కటే సూదితో తాకుతూ తెలుస్తోందా అని అడిగాడు. కొన్నిటికి తెలిసింది, కొన్నిటికి తెలియలేదు. మిషను అదురుకి వేళ్ళలో నరాలు దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలంటే అదురు తక్కువున్న రంపం వాడమని చెప్పాడు.

ఇంటికొస్తూ దారి పొడుగునా ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆయనకి అదే భయమేసింది. గుమ్మం ఎక్కాక మాత్రం అంది. "షెడ్డులో ఉన్నదాన్ని బాగుచేయించండి. ముసలిదాన్ని ఇంక చాలించండి."

మర్నాడు ఆయన రెండు రంపాలూ బండి మీద వేసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళ మోటార్లు, జనరేటర్లు, రంపాలు బాగుచేసే షాపు అది. తండ్రి పోయాక కూతురు నడుపుతోంది. తండ్రి స్నేహితుడు కాబట్టి ఆయన్ని బాబాయ్ అంటుంది.

ఆమె పాతదాన్ని బల్ల మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి చెయిన్ బ్రేకు లేదు బాబాయ్. చెయిన్ తిరిగే బార్ ముక్కు ఎగదన్నిందంటే నేరుగా మొహమే. అదురు ఆపే స్ప్రింగులూ లేవు. పెట్టించే వీలు లేదు. పార్టులు రావడం ఎప్పుడో ఆగిపోయింది."

"నడుస్తోందిగా."

"నడుస్తోంది. అదే దాంతో వచ్చిన చిక్కు. అది చచ్చిపోయుంటే ఈపాటికి మానేసుండేవారు."

తర్వాత ఆమె కొత్తదాని తాడు పట్టుకుని లాగింది. తాడు కదల్లేదు. లోపల ఇంజను బిగుసుకుపోయింది.

"దీనికి పిస్టన్, సిలిండరు కొత్తవి వెయ్యాలి. తెప్పిస్తాను, దొరుకుతాయి. అసలెలా పోయిందిది?"

"మా తమ్ముడు ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోశాడు," అన్నాడు ఆయన. ఎవరడిగినా ఇన్నేళ్ళుగా చెప్పే మాటే. ఆలోచించాల్సిన పని లేకుండా నోట్లోంచి వచ్చేసింది.

ఈ రంపాలకి పెట్రోల్లో కొంచెం ఆయిల్ కలిపి పొయ్యాలి. అదే ఇంజను లోపల తడిగా ఉంచేది. కలపడం మర్చిపోతే ఇంజను ఎండిపోయి కాసేపట్లో పట్టేస్తుంది. ఆ సంగతి మెకానిక్కి వేరే చెప్పక్కర్లేదు. ఆమె తలూపింది. "ఏం చెయ్యమంటారు మరి?"

"ఆలోచించుకుని చెప్తాను," అని కొత్తదాన్ని అక్కడే వదిలి, పాతదాన్ని మళ్ళీ బండి మీద వేసుకుని వచ్చేశాడు.

ఆలోచించడానికి నిజానికి ఏమీ లేదు. డాక్టరు చెప్పాడు, భార్య చెప్పింది, మెకానిక్ చెప్పింది. అయినా ఆయన మనసు మొరాయించింది. కొత్త రంపం పేరెత్తితే చాలు, ఒక ఇంటి గేటూ, దానికడ్డంగా పడ్డ చెట్టూ, అక్కడ చేతులు కట్టుకుని చూస్తున్న జనమూ కళ్ళ ముందు మెదిలేవి.

ఆరోజు కోస్తున్నది తమ్ముడు. కొత్త రంపం కొని ఇంకా ఏడాది తిరగలేదు. చెట్టు సగం తెగాక రంపం ఒక్కసారి కీచుమని అరిచి ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. అన్న పరుగున వచ్చాడు.

"ఆయిల్ కలిపావా?"

"కలిపాననే అనుకుంటున్నాను అన్నయ్యా."

"అనుకోవడమేంటి? కలిపావా, లేదా?"

తమ్ముడు డబ్బా వంక చూశాడు. పొద్దున హడావుడిలో కలిపాడో లేదో అతనికే గట్టిగా గుర్తు రాలేదు. అబద్ధమాడటం చేతకాని మనిషి. ఇంటి యజమాని, అతని కారు డ్రైవరు, దారినపోయేవాళ్ళు అందరూ చూస్తుండగా అన్న గొంతు చించుకున్నాడు. "నీ చేతికి ఏదిచ్చినా బూడిదే! నిన్ను నమ్మి మిషను ఇచ్చాను చూడు, నన్ను నేననుకోవాలి!"

తమ్ముడు చేతి తొడుగులు తీసి దుంగ మీద పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆసుపత్రి లాండ్రీలో పనికి కుదిరాడు. అన్నదమ్ములకి మాటలేం పోలేదు. ఏ ఇంట్లో శుభకార్యమైనా ఇద్దరూ వచ్చేవారు. "బాగున్నావా?" "బాగున్నాను." "పిల్లలు?" "బాగున్నారు." అక్కడితో సరి. అన్న ఆ కొత్త రంపాన్ని పంతం కొద్దీ మూలన పడేసి పాతదే మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. అప్పుడే బాగుచేయించమని భార్య అంది. పాడుచేసినవాడే వచ్చి అడగనీ, అన్నాడు ఆయన. అతనూ రాలేదు, ఈయనా కదల్లేదు.

మెకానిక్ దగ్గర్నుంచి వచ్చిన కొన్నాళ్ళకి ఒక స్కూలు గోడ మీదికి వాలిన కొమ్మ కొట్టే పని పడింది. నిచ్చెన మీద నిలబడి కోస్తున్నాడు. కొమ్మ తెగింది. మీట మీంచి వేలు తీశానని మనసుకి అనిపించింది. వేలు మాత్రం వదల్లేదు. రంపం అలాగే తిరుగుతూ కిందికి జారి నిచ్చెన మెట్టుని సగానికి కోసేసింది. అది ఆయన మోకాలికి జానెడు దూరం.

ఆయన నెమ్మదిగా దిగి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అక్కడ్నుంచే మెకానిక్కి ఫోన్ చేశాడు. "కొత్తది విప్పు అమ్మాయ్. పాతది నా దగ్గర ఉండదింక."

రెండు రోజుల తర్వాత ఆమె ఫోన్ చేసింది. "ఒకసారి వచ్చి వెళ్ళండి బాబాయ్. చూపించాలి."

బల్ల మీద రంపం ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. పిస్టన్ ఒక పక్కంతా గీసుకుపోయి, చిల్లు పడటానికి సిద్ధంగా ఉంది. ఆమె దాన్ని పక్కనపెట్టి కింద ఉండే బేరింగ్ ఆయన చేతికిచ్చింది.

"ముట్టుకుని చూడండి."

ఆయన వేళ్ళకి ఏమీ తెలియలేదు. చెప్పడానికి సిగ్గేసి బేరింగ్ని వెలుతురులో పెట్టి చూశాడు. దాని మీద గోధుమరంగు జిడ్డు మెరుస్తోంది.

"ఉత్త పెట్రోలు పోసుంటే ఇది ఎండిపోయి గీరుకుపోయేది. ఇన్నేళ్ళయినా ఇంకా జిడ్డుంది చూడండి. ఆయిల్ కలిపారు బాబాయ్. శుభ్రంగా కలిపారు."

"మరి ఎలా పట్టేసింది?"

ఆమె కార్బొరేటర్ నుంచి ఇంజనుకి వెళ్ళే రబ్బరు గొట్టం తీసి వంచింది. అడుగున గోరంత చీలిక నోరు తెరిచింది. "ఇక్కడ్నుంచి ఉత్త గాలి లాగింది. పెట్రోలు సరిపోక ఇంజను మాడిపోయింది. మూలన పడ్డాక చీలింది కాదిది. రంపపు పొట్టు లోపలికి వెళ్ళి గట్టిగా అతుక్కుంది చూడండి. నడుస్తున్నప్పుడే చీలింది. దీంట్లో మీ తమ్ముడి తప్పేం లేదు."

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఇలా చీలితే మీట వదిలినా ఇంజను ఊరికే కేకలేస్తుందట. ముందే తెలిసిపోతుందట. వింటుంటే ఆయనకి ఒక పాత మాట గుర్తొచ్చింది. ఆ గేటు ముందు చెట్టు కొట్టడానికి వెళ్ళిన వారంలోనే తమ్ముడు అన్నాడు. "అన్నయ్యా, దీని గొంతు మారింది. వదిలినా అరుస్తోంది." ఆయన స్క్రూ ఒకటి అటూ ఇటూ తిప్పి, "దానికేం కాలేదు, నువ్వు పని చూడు," అన్నాడు. ఆ మాట ఆయన పూర్తిగా మర్చిపోయాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తు రాలేదు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపి కూర్చుంది. "ఫోన్లో చెప్పకండి. వెళ్ళి చెప్పండి," అంది.

ఆసుపత్రి లాండ్రీ వెనక వైపు ఒక రేకుల హాలు. ఒక పక్క పెద్ద పెద్ద మిషన్లు దుప్పట్లు తిప్పుతున్నాయి. ఇంకో పక్క పొడుగాటి బల్ల దగ్గర తమ్ముడు దుప్పట్లు మడతపెడుతున్నాడు. అన్నని చూడగానే అతని మొహం పాలిపోయింది.

"ఏమైంది? వదిన బాగుందా?"

"అందరూ బాగున్నారు. అలా బయటికి రా."

గోడ పక్కన నిలబడి ఆయన అంతా చెప్పాడు. గొట్టం చీలిక, పొట్టు, బేరింగ్ మీద జిడ్డు. గట్టిగా మాట్లాడే అలవాటు వల్ల లోపలున్న వాళ్ళు తొంగిచూశారు. ఆరోజూ అందరి ముందే అరిచాడు కాబట్టి ఇవాళ గొంతు తగ్గించాలని ఆయనకి అనిపించలేదు.

తమ్ముడు నేల వంక చూస్తూ విన్నాడు. "బేరింగ్ జిడ్డుగా ఉందా?" అన్నాడు.

"ఉంది."

"నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను."

"నేను కలపలేదనే అనుకున్నాను అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "నువ్వు తిట్టావని కాదు. నాకే గుర్తు రాలేదుగా. నా బుర్రలో ఏదో లోపముందనుకున్నాను. ఇక్కడ చేరేటప్పుడు మిషన్ల దగ్గర వెయ్యొద్దని నేనే అడిగాను. ఇప్పటికీ గ్యాసు కట్టేశానా, తాళం వేశానా అని వెనక్కెళ్ళి చూసుకుంటాను. మా ఆవిడ నవ్వుతుంది. మా చిన్నది స్కూటర్ మీద తీసుకెళ్ళమంటే బస్సెక్కిస్తాను."

తమ్ముడు కోపంతో దూరమయ్యాడని అన్న ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కోపమైతే ఏదోలా తీర్చవచ్చు.

"నాదే తప్పురా," అన్నాడు. "గొంతు మారిందని నువ్వు చెప్పావు కూడా."

"చెప్పానా?" తమ్ముడికి అదీ గుర్తు లేదు.

"వచ్చెయ్యి. మళ్ళీ కలిసి చేద్దాం. కొత్తది నీ చేతికే ఇస్తాను."

తమ్ముడు తల అడ్డంగా తిప్పాడు. ఇది అలవాటైపోయిందన్నాడు, నడుం కూడా అంత బరువులు మొయ్యలేదన్నాడు. లోపల్నుంచి ఎవరో పిలిచారు. వెళ్ళబోతూ అన్న చేతులు చూశాడు. "వేళ్ళేంటి అలా ఉన్నాయి?"

"చలికి," అన్నాడు అన్న.

కొత్త రంపం బాగైంది. తేలిగ్గా ఉంది, చేతికి అదురు తెలియడం లేదు. వేళ్ళకి పోయిన స్పర్శ మాత్రం పోయినట్టే. పాతదాన్ని ఆయన మెకానిక్ ముందే పాత ఇనుము కింద తూకానికి వేసేశాడు. ఎవరికైనా ఇస్తే వాళ్ళూ వాడతారని భయం.

ఒక సెలవు రోజున తమ్ముడు వచ్చాడు. పెరట్లో పడున్న దుంగ కొయ్యమని అన్న రంపం అందించాడు. అతను తీసుకుని, మూత తీసి చూసి, "పెట్రోలు నువ్వే కలిపి పొయ్యి అన్నయ్యా," అన్నాడు. అన్న కలిపి పోశాడు. తమ్ముడు రెండు ముక్కలు కోశాడు. చేతి పనితనం ఏమాత్రం పోలేదు. చక్కగా, నిలువుగా కోశాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూసి లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. కోత అయ్యాక రంపం జాగ్రత్తగా అన్న చేతికిచ్చి, ఇంక చాలన్నాడు.

అప్పట్నుంచి అప్పుడప్పుడు వస్తుంటాడు. టీ తాగుతాడు, పిల్లల చదువుల గురించి చెబుతాడు. పనిలో ఉన్న రోజుల్లో ఆ ఇద్దరూ నోటికొచ్చినట్టు తిట్టుకునేవారు, నవ్వుకునేవారు, సాయంత్రానికల్లా అన్నీ మర్చిపోయేవారు. ఇప్పుడు అన్న ఒక మాట అనేముందు ఆగుతాడు. తమ్ముడూ ఆగుతాడు. ఒకరితో ఒకరు చాలా జాగ్రత్తగా, మర్యాదగా మాట్లాడుకుంటారు.